చెట్టు కింద ఉండొద్దంటారు సరే.. అప్పనపల్లిలో చెట్టు లేని చోటెక్కడ? పిడుగు ఎక్కడ పడుతుంది, ఎలా పడుతుంది?

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటిందంటే చాలు, ఫోన్ టింగ్‌మంటుంది. మీ మండలంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద ఉండకండి అని విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి మెసేజ్. చదివి తలెత్తి చూస్తే ఏం కనిపిస్తుంది? కోనసీమలో, అందులోనూ మామిడికుదురు మండలం అప్పనపల్లి లాంటి ఊళ్లో అయితే కొబ్బరి చెట్టు. దాని పక్కన ఇంకో కొబ్బరి చెట్టు. ఇంటి ముందు, ఇంటి వెనక, రోడ్డుకి అటూ ఇటూ, వైనతేయ గట్టు దాకా అవే. బాల బాలాజీ దర్శనానికి వచ్చినవాళ్లు బండి నీడలో పెట్టాలన్నా కొబ్బరి నీడే దిక్కు.

మరి ఈ ఊరివాళ్లు ఎక్కడికి వెళ్లాలి? పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అని సామెత ఊరికే పుట్టలేదు. రాష్ట్రమంతటికీ ఒకటే మెసేజ్ వస్తుంది కానీ రాయలసీమ చేలో నిలబడ్డ మనిషికీ, కోనసీమ తోటలో నిలబడ్డ మనిషికీ ముప్పు ఒకేలా రాదు. అసలు పిడుగు ఎక్కడ పడాలో ఎలా 'డిసైడ్' అవుతుందో తెలిస్తే ఆ మెసేజ్‌ని మన ఊరికి తగ్గట్టు చదువుకోవచ్చు.

ముందు రెండు అంకెలు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఇక దేశం మొత్తం మీద 2022లో పిడుగుపాటుకి చనిపోయినవాళ్లు 2,887 మంది అని జాతీయ నేర గణాంకాల బ్యూరో చెప్పింది. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల్లో పోయిన ప్రతి వంద ప్రాణాల్లో దాదాపు 36 పిడుగు తీసినవే. తుపాను అంటే మనకి భయం. పిడుగంటే మాత్రం, మన దాకా ఎందుకొస్తుందిలే అనే ధీమా.

మేఘంలో ఏం జరుగుతుంది?

ఎండ మాడ్చేసిన రోజు నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. సముద్రం దగ్గర్లో ఉంది కాబట్టి మన గాలిలో తేమకి కొదవ లేదు. ఆ తేమ పైకి పోయి పది కిలోమీటర్లు దాటిన ఎత్తున్న నల్లటి మేఘంగా తయారవుతుంది. లోపల చిన్న మంచు పలుకులు, వడగళ్ల లాంటి మెత్తటి మంచు ఉండలు ఒకదానికొకటి రాసుకుంటాయి. అలా రాసుకున్నప్పుడు చిన్న పలుకులకి ధనావేశం అంటుకుని పైకి పోతాయి. బరువైన ఉండలు రుణావేశంతో మేఘం అడుగున చేరతాయి. మేఘం అడుగుభాగం రుణం అయ్యేసరికి, దాని కింద ఉన్న నేల ధనావేశంతో నిండుతుంది. నేల అంటే నేల ఒక్కటే కాదు. నేల మీద ఉన్న చెట్టు, గుడి, కరెంటు స్తంభం, ఆవు, మనిషి.. అన్నీ.

గాలి మామూలుగా కరెంటుని పోనివ్వదు. తేడా మరీ ఎక్కువైనప్పుడు ఇక ఆపలేదు. అప్పుడు దారి తెరుచుకుంటుంది. మనం చూసే మెరుపుల్లో ఎక్కువ భాగం మేఘం లోపలో, మేఘానికీ మేఘానికీ మధ్యో జరిగేవే. నేలని తాకేవి తక్కువ. ఆ తాకేదాన్నే మనం పిడుగు అంటాం.

ఒక్క పిడుగులో సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. అది పోయే దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కంటే ఐదు రెట్లు. గాలి అంత వేడికి ఒక్కసారిగా వ్యాకోచించి పేలుతుంది కాబట్టే ఉరుము. ఇంత కరెంటు పట్టుకుని ఇళ్లకి వాడుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతుంటారు. లెక్క వేస్తే ఒక పిడుగు మొత్తం శక్తి సుమారు 280 యూనిట్లు. ఏసీ ఉన్న ఇంటికి నెల కూడా గడవదు. అందులోనూ ఎక్కువ భాగం వేడి, వెలుగు, శబ్దంగా గాలిలోనే ఖర్చైపోతుంది. అది ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలియక పట్టుకునే యంత్రం పెట్టడమూ కుదరదు.

ఎక్కడ పడాలో ఎప్పుడు తేలుతుంది?

అసలు విషయం ఇదే. పిడుగు మేఘంలో బయల్దేరినప్పుడు కింద గుడి ఉందా, తాడిచెట్టు ఉందా అనేది దానికి అనవసరం. కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘానికి 20 మీటర్ల కొబ్బరి చెట్టు ఒక లెక్కా చెప్పండి?

మేఘం నుంచి ఒక సన్నటి విద్యుత్ దారి అంగలు వేసుకుంటూ కిందికి దిగుతుంది. ఒక్కో అంగ సుమారు 50 మీటర్లు. ఆగుతుంది, పక్కకి తిరుగుతుంది, చీలుతుంది, మళ్లీ దిగుతుంది. అందుకే మెరుపు వంకరటింకరగా కనిపిస్తుంది. అది నేలకి కొన్ని పదుల మీటర్ల దూరంలోకి వచ్చాక, కింద ఉన్న ఎత్తైన వాటన్నిట్లోంచి చిన్న చిన్న నిప్పు పోగులు పైకి లేస్తాయి. చెట్టు కొన నుంచి, డాబా మీది ఇనుప చువ్వ నుంచి, పొలంలో నిలబడ్డ మనిషి తల నుంచి కూడా. పై నుంచి వచ్చే దారిని ఏ పోగు ముందు అందుకుంటే పిడుగు అక్కడ పడినట్టు. ఇదంతా సెకనులో సగం కూడా పట్టదు.

అంటే చివరి అంగలోనే అంతా తేలిపోతుంది. ఎత్తుగా ఉన్నదానికి అవకాశం ఎక్కువ, నిజమే. కానీ ఆ పోటీ చుట్టుపక్కల కొన్ని పదుల మీటర్ల లోపే. వంద మీటర్ల దూరంలో పెద్ద తాడిచెట్టు ఉంది కదా, పిడుగు దాని మీదే పడుతుందిలే అనుకుంటే పొరపాటు. ఖాళీ చేలో మీ చుట్టూ ఆ కాస్త మేర మీరే ఎత్తు. ఒకే చోట రెండుసార్లు పడదు అనేది కూడా ఇదే లెక్కన తప్పు. ఎత్తు మారనప్పుడు మళ్లీ అక్కడే పడొచ్చు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద ఏడాదికి 20కి పైగా పడతాయి. అంతెందుకు, రాయ్ సల్లివన్ అనే అమెరికా పార్క్ రేంజర్‌ని 1942 నుంచి 1977 మధ్య ఏడుసార్లు పిడుగు తాకింది. ఏడుసార్లూ బతికాడు! మనం మాత్రం ఆయన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

వాన పడకపోయినా పిడుగు పడుతుందా? పడుతుంది. మేఘం పక్క నుంచి బయటికొచ్చి పది, పదిహేను కిలోమీటర్ల అవతల నేలని తాకిన సందర్భాలు ఉన్నాయి. నెత్తిన ఎండ కాస్తున్నా అవతల గోదారి పైన ఉరుముతోందంటే మీరూ దాని పరిధిలో ఉన్నట్టే.

కొబ్బరి తోట లోపల సంగతి వేరు

ఇప్పుడు అప్పనపల్లికి వద్దాం. చెట్లన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్న తోటలో ఏదో ఒక్క చెట్టు మీదే పడాలని లేదు. చేల గట్టు మీద ఒంటరిగా నిలబడ్డ తాడిచెట్టుతో పోలిస్తే, తోటలో మీ పక్కన ఉన్న చెట్టుకే తగిలే అవకాశం తక్కువ. ఇంతవరకు కాస్త ఊరట.

కానీ ఇక్కడో చిక్కుంది. పిడుగుతో చనిపోయేవాళ్లలో నేరుగా నెత్తిన పడి పోయేవాళ్లు తక్కువ. చెట్టు మీద పడిన పిడుగు మాను వెంట దిగుతూ మధ్యలో పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. ఎందుకంటే మాను కంటే ఉప్పునీళ్లతో నిండిన మన ఒళ్లు కరెంటుకి సులువైన దారి. చెట్టుకి ఆనుకుంటే మరీ ప్రమాదం. ఆనుకోకపోయినా రెండు మూడు మీటర్ల దాకా దూకగలదు. దేశంలో పిడుగుపాటు మరణాల్లో 71 శాతం చెట్టు కింద నిలబడ్డవాళ్లవే అని లైట్నింగ్ రెసిలియంట్ ఇండియా క్యాంపెయిన్ నివేదిక చెబుతోంది.

ఇంకోటి నేల కరెంటు. మాను వెంట దిగిన కరెంటు వేళ్ల దగ్గర ఆగిపోదు, నేల మీద చుట్టూ పాకుతుంది. దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. మీ ఒక కాలు చెట్టు వైపు, ఇంకో కాలు దూరంగా ఉంటే రెండు కాళ్ల మధ్య వోల్టేజి తేడా వస్తుంది. కరెంటు ఒక కాలు ఎక్కి ఇంకో కాలు దిగుతుంది. పశువులకైతే ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ ఎడం ఎక్కువ, పైగా ఆ దారిలో గుండె ఉంటుంది. చెట్టుకి కట్టేసిన గేదె చనిపోయి పక్కనున్న మనిషి బతకడానికి కారణం ఇదే. 2016 ఆగస్టులో నార్వేలో ఒక్క ఉరుముల వానకి 323 రెయిన్‌డీర్లు కుప్పగా పడిపోయాయి. గుంపుగా ఉన్నవాటిని నేల కరెంటే తీసుకుపోయింది.

తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య సాధారణంగా 8 మీటర్ల ఎడం వదులుతారు. నాలుగు చెట్ల మధ్య సరిగ్గా నడిమధ్యన నిలబడ్డా ఏ చెట్టుకీ ఆరు మీటర్ల కంటే దూరం పోలేరు. ఇంకాస్త జరిగితే పక్క చెట్టుకి దగ్గరవుతారు. అంటే తోటలో చెట్టుకి దూరంగా ఉండటం అనే మాటకే అర్థం లేదు. తోట బయటికి రావడమే దారి. ఒక మంచి విషయం ఏంటంటే కోనసీమలో ఇళ్లు తోటల్లోనే ఉంటాయి. మెట్ట ప్రాంతపు రైతులాగా ఊళ్లోకి కిలోమీటర్లు నడవక్కర్లేదు. చాలాచోట్ల రెండు మూడు నిమిషాల నడకలో ఒక స్లాబు ఇల్లు ఉంటుంది. ఎవరిదైనా సరే, వెళ్లి వరండాలో కాకుండా లోపల గదిలో నిలబడండి. వర్షానికి వచ్చానంటే కాదనే ఊరు కాదది.

తాటాకు పాక, చెరువు గట్టు మీది కాపలా షెడ్డు, బస్ షెల్టర్.. ఇవి వాన ఆపుతాయి, పిడుగుని ఆపవు. కరెంటు వైర్లు, ఇనుప ఊచలు, పైపులు ఉన్న పక్కా ఇంట్లో పిడుగు పడినా వాటి వెంట నేలలోకి పోతుంది. అందుకే అలాంటి ఇంట్లో ఉన్నా కుళాయి, షవరు, కిటికీ ఊచలు, ప్లగ్గులో ఉన్న వస్తువులు ముట్టుకోవద్దంటారు.

ఇక అన్నిటికంటే ప్రమాదం చెట్టు కింద ఉన్నవాళ్లకి కాదు, చెట్టు మీద ఉన్నవాళ్లకి. దింపు కార్మికుడు మొవ్వు దగ్గర కూర్చున్నాడంటే ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తులో ఉన్నది అతనే. దూరంగా మొదటి ఉరుము వినపడగానే దిగిపోవాలి. ఆ రెండు చెట్లూ కానిచ్చేసి దిగు బాబూ అని కింద నుంచి కేకేసే తోట యజమానులు ఉంటారు. కాయలు రేపు కూడా చెట్టునే ఉంటాయండీ.

ఎంత దూరంలో ఉందో లెక్కపెట్టుకోండి

మెరుపు కనిపించగానే ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినపడినప్పుడు ఆపేయండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. 30 లోపే ఉరుము వచ్చిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, తర్వాతది మీ దగ్గరే పడొచ్చు. వెంటనే లోపలికి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి. వాన వెలిసింది కదా అని వెంటనే తోటలోకి పోయి రాలిన కాయలు ఏరుకోవడం మన దగ్గర అలవాటే. ఆ అరగంట ఓపిక పట్టాలి.

ఫోన్ ఉన్నవాళ్లకి ఇంకో దారి దామిని యాప్. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు ఉంటే హెచ్చరిస్తుంది. తెలుగులో కూడా ఉంది. లొకేషన్ ఆన్ చేసి పెట్టాలి, లేకపోతే ఉపయోగం లేదు.

గుడి, ఏరు, సెల్ టవరు

గుడి గోపురం మీది రాగి కలశం పిడుగుల్ని ఆపుతుంది, మన పూర్వీకుల సైన్స్ అదే అని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంది. కలశం ఒక్కటే ఆ పని చేయలేదు. కలశం దగ్గర్నుంచి మందపాటి లోహపు పట్టీ గోడ వెంట దిగి, నేలలో లోతుగా పాతిన ఎర్త్‌కి కలిస్తేనే అది పిడుగు నిరోధకం అవుతుంది. 1750ల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పిన సూత్రం ఇప్పటికీ అదే. ఆ పట్టీ పిడుగుని తరిమేయదు, పడిన పిడుగుకి సురక్షితమైన దారి చూపిస్తుంది. పట్టీ మధ్యలో తెగినా, ఎర్త్ దగ్గర తుప్పు పట్టినా అసలు లేనట్టే. స్కూలు, అపార్ట్‌మెంటు, గుడి కమిటీల వాళ్లు వేసవికి ముందు ఒకసారి టెస్ట్ చేయించుకుంటే మంచిది. ఇంటి పక్కన ఎత్తైన కొబ్బరి చెట్టు ఉంటే అదే పిడుగు నిరోధకం అనేది కూడా సగమే నిజం. పిడుగుని అది తీసుకుంటుంది. తర్వాత దాన్ని మీ గోడకో, చెట్టుకి కట్టిన కేబుల్ వైరుకో అప్పగించదనే గ్యారంటీ లేదు.

వైనతేయలో స్నానానికి దిగినవాళ్లు, పడవలో ఉన్నవాళ్లు ఉరుము వినగానే ఒడ్డుకి చేరి పక్కా కట్టడంలోకి వెళ్లాలి. నీళ్ల మీద ఎత్తుగా ఉండేది మనిషి తలకాయో పడవ కర్రో, అంతే. నీళ్ల మీద పడిన పిడుగు ఉపరితలం మీద చుట్టూ పరుచుకుంటుంది. రొయ్యల చెరువులో ఏరియేటర్ పట్టుకున్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

సెల్ టవరు పక్కన నిలబడకూడదు, అంతకు మించి దానికి భయపడక్కర్లేదు. జేబులో ఉన్న సెల్‌ఫోన్ పిడుగుని పిలవదు. ఛార్జింగ్‌లో పెట్టి మాట్లాడటం మాత్రం వద్దు. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు ఉరుములు మొదలవ్వకముందే తీసేయాలి. మొదలయ్యాక వాటి జోలికి పోవద్దు. రబ్బరు చెప్పులు కాపాడవు. కిలోమీటర్ల కొద్దీ గాలినే చీల్చుకొచ్చిన కరెంటుకి అర అంగుళం రబ్బరు ఒక అడ్డమా? కారులో ఉంటే ఫర్వాలేదు కానీ అది టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న లోహపు డొక్కు వల్ల. అద్దాలు ఎత్తేసి కూర్చోండి. ఆటో, బైకు ఆ లెక్కలోకి రావు.

పెద్దవాళ్లు ఉరుమగానే అర్జునుడి పేర్లు చదువుకుంటారు. మా ఇంట్లోనూ అంతే. చదువుకోండి, కాకపోతే ఇంట్లో కూర్చుని.

మెరుపుల వీడియో కోసం డాబా ఎక్కేవాళ్లకి ఒక మాట. మేం రోజూ వీడియోలు పెట్టేవాళ్లమే, అయినా చెబుతున్నాం. గది లోపల్నుంచి, కిటికీకి దూరంగా నిలబడి తీసిన వీడియో చాలు.

ఎక్కడికీ పోలేని చోట చిక్కుకుంటే?

ఒంటరి చెట్టుకి, స్తంభానికి, ఇనుప కంచెకి దూరంగా జరగండి. గుంపుగా ఉంటే విడివిడిగా నిలబడండి, అందరికీ ఒకేసారి తగలకుండా. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి అంటే నేల నుంచి పోగు లేచేది మీ నుంచే కావచ్చు. రెండు పాదాలు దగ్గరగా పెట్టి, మునివేళ్ల మీద కూర్చుని, తల వంచి, చెవులు మూసుకోండి. నేల మీద పడుకోకూడదు, నేల కరెంటుకి ఒళ్లంతా దారి ఇచ్చినట్టవుతుంది. ఇది ప్రాణం మీదికి వచ్చినప్పటి ప్రయత్నం మాత్రమే. ఇల్లు దగ్గర్లో ఉంటే ఇలా కూర్చుని టైమ్ వృథా చేయకుండా పరుగెత్తాలి.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి భయపడొద్దు. ఒంట్లో కరెంటు నిల్వ ఉండదు. పిడుగు తగిలిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. పోయేవాళ్లు ఎక్కువగా గుండె ఆగిపోయి పోతారు. అదే గుండెని వెంటనే నొక్కితే మళ్లీ కొట్టుకునే అవకాశం ఉంది. 108కి ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, మీరు సీపీఆర్ మొదలుపెట్టండి. ఛాతీ మధ్యలో రెండు చేతులతో, కనీసం రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఉరుములు ఇంకా ఉంటే ముందు మనిషిని లోపలికి చేర్చండి. ఒకేసారి నలుగురికి తగిలితే మూలుగుతున్నవాళ్ల దగ్గరికి కాదు, కదలకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి. మూలుగుతున్నారంటే ఊపిరి ఉన్నట్టే. పేడలో, మట్టిలో మెడ దాకా పాతిపెడితే కరెంటు లాగేస్తుందనే నమ్మకం కొన్ని రాష్ట్రాల్లో ఉంది. అలా పాతిపెట్టేలోపు పోయేది టైమే కాదు, ప్రాణం కూడా.

పిడుగు పడిన కొబ్బరి చెట్టు సంగతి తోట ఉన్నవాళ్లకి తెలిసిందే. అదే రోజు పచ్చగానే ఉండొచ్చు. కొద్ది రోజులకి మట్టలు గొడుగు ముడిచినట్టు కిందికి వాలి, మొవ్వు విరిగిపోతుంది. ఒక్కోసారి దెబ్బ ఒక చెట్టుతో ఆగదు, చుట్టూ ఉన్న చెట్లు కూడా వరసగా వాడిపోతాయి. నేల కరెంటు ఎంత దూరం పాకిందో అవి చూపిస్తాయి. అలాంటి చెట్టు లోపల మాను దెబ్బతిని ఉంటుంది కాబట్టి, పైన గెలలు కనిపిస్తున్నా దింపుకి ఎవర్నీ ఎక్కించొద్దు.